గుడ్ల గది గాలి

పట్టుపురుగుకు ఉన్న విలువలో పావు వంతు మనిషికి ఉండి ఉంటే రెడ్డెమ్మ గురించి ఇప్పుడు చెప్పుకోవాల్సిన పనే ఉండేది కాదు.

పుంగనూరు పొలిమేరలో, మదనపల్లె రోడ్డు పక్కన, సుబ్రమణ్యం అనే ఆయనకు పట్టుగుడ్లు తయారుచేసే కేంద్రం ఉండేది. జనం దాన్ని గ్రైనేజీ అనేవాళ్ళు. కుప్పం, వెంకటగిరికోట వైపు మల్బరీ వేసిన రైతులు పురుగుల్ని మేపుకోవడానికి గుడ్లు అక్కడినుంచే పట్టుకుపోయేవాళ్ళు. రెడ్డెమ్మ అందులో తొంభై మూడులో చేరింది. అంతకుముందు ఆమె కూలికి పోయిన మనిషి కాదు. వేరుశనగ వేసుకునే మెట్టచేను ఉండేది, బావి ఉండేది, మొగుడు కృష్ణప్ప ఉండేవాడు. బావి ఎండిపోయింది. చేను వానదేవుడి దయకు మిగిలింది. కృష్ణప్ప మాత్రం ఎక్కడికీ పోలేదు, అరుగు మీద కూచుని బావి ఎందుకు ఎండిందో వచ్చేపోయేవాళ్ళకు వివరిస్తూ ఉండేవాడు. కడుపులో చల్ల కదలకుండా కూచునే యోగం ఇంట్లో ఇద్దరికీ ఉండదు కదా, రెడ్డెమ్మ కొంగు బిగించి బస్సెక్కింది.

పని పైకి పూలు కట్టినంత సుకుమారంగా కనిపించేది. పట్టుగూడు చీల్చుకుని వచ్చిన సీతాకోకచిలుకలు, అక్కడివాళ్ళు చిలుకలనే అంటారు, కాగితాల మీద గుడ్లు పెడతాయి. గుడ్లకు ఏ రోగమూ అంటకుండా ఆ కాగితాలను ఫార్మలిన్ కలిపిన తొట్టిలో కాసేపు నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరేయాలి. ఆసుపత్రుల్లో శవాలు చెడిపోకుండా వాడేది ఆ ఫార్మలినే. దాన్ని తొట్టిలో కలిపేది ఆడవాళ్ళు, అందులో చేతులు పెట్టేది ఆడవాళ్ళు. ఉత్త చేతులు. గాలి తగిలితే గదిలో తేమ పోతుందని, ఈగలూ చీమలూ దూరతాయని తలుపులు, కిటికీలు బిగించి ఉంచేవాళ్ళు. లోపల మందు ఆవిరి, చిలుకల రెక్కల పొడి, మధ్యలో మనుషులు.

ఒక్కో విడత ముగిశాక గది గోడలకూ నేలకూ అదే మందు పంపుతో కొట్టి, తలుపు సందులకు కాగితాలు అతికించి మూసేసేవాళ్ళు. మరునాడు తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా చిలుకలను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. పాపం, వాటికి పడదట. మరి ఆ కాగితాలు పీకి తలుపు తెరిచేదెవరు, తెరిచీ తెరవగానే లోపలికి పోయి నేల కడిగేదెవరు అని అడిగినవాడు లేడు. రెడ్డెమ్మే మొదట పోయేది, పెద్దది కనుక. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చేత్తో తడుముకుంటూ కిటికీల దాకా నడిచేది.

తొంభై ఎనిమిదిలో ఓ విడత గుడ్లు సరిగా పగల్లేదు. వెంకటగిరికోట రైతులు గోల పెట్టారు. ఇక చూడండి, పట్టు శాఖ వాళ్ళ జీపుల మీద జీపులు. గది ఎంత వేడిగా ఉందో చూశారు, తేమ చూశారు, నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు, గోడలు వాసన చూశారు. గుడ్లకు ఏ కష్టం వచ్చిందో కనుక్కునేదాకా వాళ్ళు అన్నం తిన్నారో లేదో కూడా అనుమానమే. అదే గదిలో, అదే వారంలో, రెడ్డెమ్మ గోడకు ఆనుకుని ఊపిరి అందక ఈలవేసినట్టు దగ్గుతూ ఉంటే, వచ్చిన ఆఫీసర్లలో ఒకాయన కొంచెం పక్కకు జరగమ్మా, గోడ చూడాలి అన్నాడు. ఆమె జరిగింది.

ఆయాసం ఆ ఏడే మొదలైంది. మొదట పని ఉన్న రోజుల్లోనే వచ్చేది, ఆదివారం తగ్గేది. తరువాత ఆదివారాలు కూడా పోయాయి. చేతుల మీద చర్మం అట్టకట్టి, పగిలి, సంగటి ముద్ద పట్టుకుంటే మండేది. సుబ్రమణ్యంతో చెబితే ఆయన దగ్గర ప్రతిదానికీ ఓ జవాబు సిద్ధంగా ఉండేది. చలికాలం కదా అనేవాడు. ఎండాకాలంలో చెబితే దుమ్ము కదా అనేవాడు. మీ వంశంలో ఉబ్బసం ఉందేమో కనుక్కో అని కూడా అన్నాడు. రెడ్డెమ్మ వంశంలో ఆమె అవ్వ పొలికేక పెడితే పక్కూరి పశువులు తలెత్తి చూసేవి.

చివరికి ఆమె మదనపల్లె మిషన్ ఆసుపత్రికి పోయింది. అక్కడ ఫెబా అని ఓ డాక్టరమ్మ ఉండేది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల, తండ్రి మిషన్ బడిలో అయ్యవారు. ఆమె గుండెకు గొట్టం పెట్టి చూసి మందు రాసి పంపేయలేదు. ఏం పని చేస్తావని అడిగింది, చేతులు చూపించమంది, తలుపులు మూసి ఉంటాయా తెరిచి ఉంటాయా అని కూడా అడిగింది. అదే గ్రైనేజీ నుంచి ఇదే దగ్గుతో అంతకుముందు మరో ఇద్దరు వచ్చి పోయారట. రెడ్డెమ్మకు ఇది గదిలోని మందు వల్ల వచ్చిన జబ్బే అని తన నమ్మకమని, కానీ తను నమ్మితే చాలదని, ఆ గదిలో గాలిని కొలిచే సర్కారువాళ్ళు వచ్చి కొలిచి చెప్పాలని ఫెబా వివరంగా చెప్పింది.

కొలిచేవాళ్ళ కోసం ఫెబా తిరగని ఆఫీసు లేదు. తరువాత తానే పుంగనూరు వచ్చి సుబ్రమణ్యాన్ని ఒప్పించింది. కాదంటే ఊరంతా ఏమనుకుంటుందోనని ఆయన సరేనన్నాడు. ఆడవాళ్ళందరి ముందూ మాట ఇచ్చాడు. గాలిలో విషం ఉందని తేలితే పెద్ద ఫ్యాన్లు పెట్టిస్తాడు, చేతులకు తొడుగులు ఇస్తాడు, రెడ్డెమ్మను తొట్టి దగ్గరనుంచి తీసి బయట అరుగు మీద గూళ్ళు ఏరే పనిలో పెడతాడు. తేలకపోతే మాత్రం ఆమె నోరు మూసుకుని తొట్టి దగ్గరికే రావాలి, లేదా మానుకోవాలి. మానుకుంటే ఇంట్లో పొయ్యి మండదు. తొట్టి దగ్గరే ఉంటే ఎన్నాళ్ళో ఉండదని ఫెబా దాచకుండా చెప్పేసింది. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. ఆ కొలత మీదే ఆమె బతుకంతా ఆధారపడి ఉంది.

రెండు వేల సంవత్సరంలో, మాఘమాసంలో, కొలిచేవాళ్ళు వస్తారని కబురొచ్చింది.

ఇక్కడే జరగకూడనిది జరిగింది. పట్నంలో ఎవరికైనా చెబితే నమ్మరు, మన వైపు పల్లెల్లో పుట్టినవాళ్ళకు మాత్రం నమ్మకపోవడానికి ఏమీ లేదు. ఎక్కడినుంచో మన కోసం పెద్దవాళ్ళు వస్తున్నారు, డాక్టరమ్మ కూడా వస్తుంది. వచ్చినవాళ్ళు గడపలో కాలు పెట్టగానే కళ్ళు మండి ముక్కు మూసుకుంటే ఎంత నామర్దా. రెడ్డెమ్మ ముందురోజే ఆడవాళ్ళందరినీ పురమాయించింది. కాగితాలన్నీ ఆ మధ్యాహ్నానికే కడిగేశారు. తొట్లు ఖాళీ చేసి బోర్లించారు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, నేల నాలుగుసార్లు కడిగి, వాకిట్లో ముగ్గు వేశారు. మరునాడు పొద్దున, రెడ్డెమ్మ పక్క తొట్టి దగ్గర పనిచేసే వెంకటరత్నమ్మ ఇంటినుంచి సాంబ్రాణి తెచ్చి మూలమూలకూ పొగ వేసింది. అందరూ తలంట్లు పోసుకుని ఉతికిన చీరలు కట్టుకొచ్చారు.

సుబ్రమణ్యం అది చూశాడు. చూసి ఏమీ అనలేదు. తేమ పోతుందని కిటికీ రెక్క వేలెడు తెరిస్తే ఎగిరిపడే మనిషి, ఆ రోజు మాత్రం బొప్పాయిపండు కోయించి వచ్చినవాళ్ళకు పెట్టించాడు. ఆయనకు తెలియదని ఎవరైనా అంటే వాళ్ళకు దండం పెట్టాల్సిందే.

కొలిచే బృందానికి పెద్ద గంగాధరం అనే ఆయన, కళ్ళద్దాలు పెట్టుకున్న నగరం మనిషి. ఆడవాళ్ళ భుజాలకు బిళ్ళల్లాంటివి తగిలించి, నడుములకు గాలి పీల్చే చిన్న డబ్బాలు కట్టించాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఫెబా ఆ రోజు రాలేకపోయింది, ఆసుపత్రిలో కష్టమైన కాన్పు. రోజూ ఇలాగే ఉంటుందా అని గంగాధరం అడిగాడు, సుబ్రమణ్యాన్నే అడిగాడు. ఉంటుందండీ అన్నాడాయన. వచ్చినవాళ్ళ ముందు యజమాని మాట కొట్టేయడం పద్ధతి కాదని ఆడవాళ్ళు తల వంచుకున్నారు. సాంబ్రాణి పొగలో కూచుని ఫార్మలిన్ వెతికిన ఆ మహానుభావుడికి, ఖాళీ తొట్లు బోర్లించి ఉండడం కంటికి ఆనలేదు. ఆనినా అడగలేదు. బొప్పాయి బాగుందని మెచ్చుకుని, భోజనాల వేళకు ముందే కారెక్కాడు.

ఫలితం ఉగాది దాటాక వచ్చింది. సుబ్రమణ్యానికి రొట్టె విరిగి నేతిలో పడింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తనే తెలుగులో అర్థం చెబుతూ అందరికీ వినిపించాడు. గదిలో గాలి హద్దులోనే ఉందట. ఆడవాళ్ళకు వచ్చే ఆయాసానికి ఇళ్ళలో కట్టెలపొయ్యి పొగ కారణమై ఉండవచ్చునట. ఇది విన్నప్పుడు రెడ్డెమ్మకు వచ్చిన కోపం ఇది చెబుతుంటే నాకూ వస్తుంది. ఆమె పొయ్యి దగ్గరికి ఎవరైనా వచ్చారా, ఆ పొగను ఎవరైనా కొలిచారా. గ్రైనేజీకి వచ్చి, వంటింటి మీద నేరం మోపి పోయారు. తరతరాలుగా ఆ పొయ్యిల ముందే కూచుని వంట చేసిన అవ్వలు కొండలెక్కి పుల్లలు తెచ్చుకున్నారు, ఎవరికీ ఈ ఈల దగ్గు రాలేదు.

రెడ్డెమ్మ మరునాడే మదనపల్లె పోయింది. ఫెబా చేతిలో అప్పటికే ఆ ఫలితం నకలు ఉంది, ఇదెలా జరిగిందో ఆమెకు అంతుపట్టడం లేదు. ఆ రోజు తలుపులు మూసి ఉన్నాయా అని అడిగింది.

"తెరిచినాం మేడమ్. ముందునాడే తెరిచినాం," అంది రెడ్డెమ్మ.

"యాల తెరిచినారమ్మా?"

"మీరొస్తాండారనే. మన కోసం వచ్చినోళ్ళకు కండ్లు మండితే మాకేం మర్యాద?"

ఫెబా చేతిలో ఉన్న కలం పక్కన పెట్టేసింది. తరువాత, ఆ మర్యాద వల్ల కొలిచింది శుభ్రమైన గాలినే అని, రోజూ పీల్చే గాలిని ఎవరూ కొలవనే లేదని మెల్లగా చెప్పింది. అప్పుడు అర్థమైంది రెడ్డెమ్మకు. బస్సులో వస్తూ దారి పొడుగునా తన్ను తానే తిట్టుకుంది. పుంగనూరు దగ్గర పడేసరికి ఆ తిట్లు చేరాల్సిన చోటికి చేరాయి. తను చదువుకోలేదు, తెలియక చేసింది. తెలిసినవాళ్ళకేమైంది. రోజూ మూసి ఉండే గది తెరిచి ఉందని తెలిసిన యజమాని, ఖాళీ తొట్లను చూసి కూడా కొలత అయిపోయిందనుకున్న పెద్దమనిషి, వీళ్ళిద్దరూ కలిసి ఓ పేద మనిషి మర్యాదను వాడుకుని ఆమె ఊపిరికి వెల లేదని రాసేశారు.

మాట ప్రకారం ఆమె తొట్టి దగ్గరికే పోయింది. రెండేళ్ళు పోయింది. ఆ రెండేళ్ళలో బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చడానికి మెట్ల దాకా పోయి, ఎక్కలేక కిందే టెంకాయ కొట్టి వచ్చింది. బిందెడు నీళ్ళు ఎత్తుకుని ఇంటికి చేరాలంటే రెండుచోట్ల దించాల్సి వచ్చేది. కృష్ణప్ప కూడా అరుగు దిగి నీళ్ళు మోయడం మొదలుపెట్టాడంటే ఆమె పరిస్థితి ఎంతదాకా వచ్చిందో ఊహించుకోండి.

ఫెబా మాత్రం వదల్లేదు. మళ్ళీ కొలవాలని, ఈసారి గుడ్లు కడిగే రోజే రావాలని, తను పక్కన ఉంటానని పట్టుబట్టి సాధించింది. రెండు వేల రెండులో గంగాధరం గొణుక్కుంటూనే మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆడవాళ్ళను ఆపడం రెడ్డెమ్మకు కష్టమైంది. వచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని వాళ్ళ గోల. వెంకటరత్నమ్మ అలవాటుకొద్దీ సాంబ్రాణి వెలిగించనే వెలిగించింది. రెడ్డెమ్మ దాని మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించింది.

"పాపం, ఆ కండ్లద్దాల సారు తట్టుకోలేడు కదక్కా," అంది వెంకటరత్నమ్మ.

"మన కండ్లు ఇన్నేండ్లు తట్టుకోలేదా. ఒక్కపూట ఆయన కండ్లు కూడా తట్టుకోనీ."

తమాషా ఏమంటే, ఆ పొద్దున కిటికీలు తెరవడానికి ఉరికినవాడు సుబ్రమణ్యమే. గాలాడనీయండమ్మా అంటూ గడియ మీద చెయ్యి వేశాడు. తేమ పోతుందని రోజూ మూయమనేది మీరే కదా సామీ అని రెడ్డెమ్మ అడ్డం నిలబడింది. ఫెబా అక్కడే ఉంది, ఆయన వైపే చూస్తోంది. తేలు కుట్టిన దొంగలా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తొట్లలో మందు కలిసింది, కాగితాలు మునిగాయి, తలుపు పడింది. గంగాధరానికి మర్యాదగా ఓ కుర్చీ వేశారు, లోపలే, తొట్ల పక్కనే.

ఆయన ఎంతోసేపు కూచోలేదు. రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, కళ్ళు కనపడక గడప తట్టుకుని, వాకిట్లోకి వచ్చి నీళ్ళు అడిగాడు. కళ్ళు కడుక్కున్నాక, పోయినసారి ఇలా లేదే అని ఫెబాతో అన్నాడు. సమాధానం చెప్పింది వెనకాలే వచ్చిన రెడ్డెమ్మ.

"పోయిన తూరి మీరు సుట్టాలమాదిరి వచ్చినారు సార్. అందుకే అట్ల ఉండింది. ఈ తూరి పనికి వచ్చినారు."

ఆయన ముఖం ఎర్రబడింది. అది మందు వల్లో సిగ్గు వల్లో తెలియదు, సిగ్గే అయి ఉంటే బాగుండు. ఏమైతేనేం, ఈసారి ఉన్నదున్నట్టు రాశాడు. ఉండాల్సిన హద్దుకు ఎన్నో రెట్లు మించి ఆ గాలిలో ఫార్మలిన్ ఉందని, ఆ ఆయాసం దానివల్ల వచ్చిందేనని తేలింది. పైనుంచి ఆజ్ఞలొచ్చాయి. గోడకు ఫ్యాన్లు బిగించారు, తొడుగులు వచ్చాయి, ముక్కులకు కట్టుకునేవి వచ్చాయి. ఆడవాళ్ళు ఆ రబ్బరు తొడుగులు వేసుకుని ఒకరి చేతులు ఒకరు చూసుకుని మురిసిపోయారు.

ఫ్యాన్లు తిరిగిన వారానికే సుబ్రమణ్యం రెడ్డెమ్మను పిలిచాడు. రేపటినుంచి రావద్దన్నాడు. ఇలాంటి జబ్బున్నవాళ్ళను ఈ మందు దగ్గర పనిలో ఉంచకూడదని ఆ ఫలితంలోనే రాసి ఉందట, ఆయన చట్టం దాటలేడట.

"నీ మేలు కోరే సెప్తాండా రెడ్డెమ్మా. నీ ఊపిరి నాకు ముఖ్యం," అన్నాడు.

ఏరు దాటి తెప్ప తగలేయడం అంటారు. ఇక్కడ తెప్ప మీద ఎక్కించి ఏరు దాటించిన మనిషినే తగలేస్తున్నారు. ఆమె ఊపిరి తీసిన రోజుల్లో అది ఆయనకు ముఖ్యం కాలేదు, తీశారని రుజువయ్యాక ముఖ్యమైంది. అరుగు మీద గూళ్ళు ఏరే పని ఇస్తానన్న మాట గుర్తు చేస్తే, అక్కడ ఖాళీ లేదన్నాడు. రెడ్డెమ్మ గొడవ పడలేదు, పడడానికి ఊపిరి లేదు. లోపలికి పోయి, గోడకు తగిలించిన తన సంచి తీసుకుని, ఇంక రాను, ఒళ్ళు జాగ్రత్త అని తోటివాళ్ళకు చెప్పి వాకిట్లోకి వచ్చింది. లోపల ఎవరూ తలెత్తలేదు. వాళ్ళకూ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఆమె వాళ్ళను తప్పు పట్టలేదు.

ఆమె గేటు దాకా పోయేసరికి వెనక చప్పుడైంది. వెంకటరత్నమ్మ, ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని ఆ మనిషి, తొడుగులు విప్పి గడప మీద పడేసి బయటికి వచ్చి నిలబడింది. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ వచ్చారు. అరవలేదు, నినాదాలు లేవు, కొంగులతో చేతులు తుడుచుకుంటూ గోడ నీడన కూచున్నారు. తొట్లలో గుడ్ల కాగితాలు అప్పుడే మునిగి ఉన్నాయి. అనుకున్న వేళకు తీసి కడక్కపోతే ఆ మందులో నాని గుడ్లన్నీ చస్తాయి. కుప్పం రైతులు మరునాడు పొద్దున్నే రావాల్సి ఉంది.

సుబ్రమణ్యం తన గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆయన అలా పరిగెత్తడం ఆడవాళ్ళెవరూ అంతకుముందు చూసి ఎరగరు. పంచె కాళ్ళకు అడ్డం పడుతోంది.

"ఏందమ్మా ఇది. గుడ్లు సస్తాయి, లోపలికి పోండి," అన్నాడు.

"రెడ్డెమ్మక్కను అరుగు మీద పనిలో పెట్టు సామీ. డాక్టరమ్మ ముందర మాట ఇచ్చినావు గదా," అంది వెంకటరత్నమ్మ.

ఆయన తెరిచి ఉన్న తలుపులోంచి తొట్ల వైపు చూశాడు, చేతి గడియారం చూశాడు. సరే, సరే, రేపటినుంచి అరుగు మీదే కూచోమను, జీతం అదే, ఇక పోండి అన్నాడు. ఆడవాళ్ళు లేచి లోపలికి ఉరికారు. రెడ్డెమ్మ గేటు దగ్గరనుంచి నెమ్మదిగా వెనక్కి నడిచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"గుడ్లు సస్తాయని ఇంత పరుగు పరిగెత్తినావు సామీ," అంది, మాటకూ మాటకూ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటూ. "నేను తొమ్మిదేండ్లు అదే మందులో నానినా. నా కోసం ఒక్కనాడన్నా ఇట్ల పరిగెత్తలేదే."

సుబ్రమణ్యం, గుడ్లు బాగున్నాయా అని కేకేసి అడుగుతూ గుడ్ల గదిలోకి వెళ్ళిపోయాడు.